పదకొండు గంటల ఎర్రజెండా

రాయపూర్‌లోని మోవాలో రైలు పట్టాలకు రెండు సందులు ఇవతల, నీలం తలుపు ఇంట్లో బిందుమాధవి ఉంటుంది. చీరకి ఫాల్ కుట్టించుకోవాలంటే ఆ సందు ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికే వెళ్తారు. వెళ్ళిన వాళ్ళు గుమ్మంలో ఆగి, ముందు వంటింటి ద్వారబంధం మీద ఉన్న మేకు వైపు చూస్తారు. మేకుకి ఎర్ర గుడ్డ వేలాడుతుంటే చీరని బయట స్టూలు మీద పెట్టి చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరుగుతారు. పచ్చ గుడ్డ ఉంటే లోపలికొచ్చి కూర్చుంటారు, టీ తాగుతారు, కోడళ్ళ మీద చాడీలు చెబుతారు.

అవి రైల్వే జెండాలు. బిందు మామగారు అచ్చయ్యవి.

అచ్చయ్య సొంతూరు బొబ్బిలి పక్కన. విజయనగరం నుంచి రాయపూర్ వచ్చే లైనులో ముప్ఫై ఏళ్ళకి పైగా కీమ్యాన్‌గా చేశాడు. అంటే రోజూ భుజాన సుత్తి వేసుకుని, పట్టాల వెంట మైళ్ళకొద్దీ నడిచి, ఎక్కడ బిగువు తగ్గిందో ఎక్కడ పగులు వచ్చిందో చూసుకునే పని. ఒకసారి స్లీపరు దుంగ జారి కుడిపాదం మీద పడింది. అప్పటినుంచి కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు. రిటైరయ్యాక ఊరికి పోలేదు. "అక్కడ నాకెవులున్నారు, రైలు సప్పుడు నేందే నిద్దరెలగొస్తాది" అని మోవాలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. భార్య అప్పటికే లేదు. కొడుకు మోహనకృష్ణ ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగు సూపర్‌వైజరు. ఆ కొడుకు భార్యే బిందు. వాళ్ళకి పిల్లలు లేరు.

2013లో బిందుకి ఒక కన్ను మసకబారింది. తర్వాత ఎడమకాలు మాట వినడం మానేసింది. ఏడాది తిరిగాక పెద్ద డాక్టరు తలకి స్కాను తీయించి, ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. నరాల మీద ఉండే పొర అక్కడక్కడా ఊడిపోతుందట. అచ్చయ్యకి అది ఒక్క ముక్కలో అర్థమైంది. "వైరు మీద తొడుగు పోనాదన్నమాట. కరెంటు మద్దినే కారిపోతాది" అన్నాడు.

ఆ జబ్బులో కాలు ఈడ్వడం కంటే, కన్ను మసక కంటే పెద్ద బాధ అలసట. అది మనకి సాయంత్రమయ్యేసరికి వచ్చే అలసట కాదు. పొద్దున్న లేచి జడ వేసుకుంటే చాలు, చేతులు రెండూ తడి ఇసుక బస్తాల్లా అయిపోయేవి. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. ఒంటికి వేడి తగిలితే మరీ ఘోరం. రాయపూర్ ఎండ సంగతి మీకు తెలియంది కాదు. మే నెలలో పదకొండు దాటితే మేడ మీద పిచ్చుక కూడా కనపడదు.

చూసేవాళ్ళకి మాత్రం మనిషి బాగానే ఉంది కదా. "బద్ధకం, నాటకం" అన్నవాళ్ళున్నారు. వాళ్ళ మాట సరే, ప్రేమ ఉన్నవాళ్ళతో ఇంకా ప్రమాదం. 2015లో ఆడపడుచు కల్యాణి విజయనగరం తీసుకెళ్ళి తనకి చేతనైన వైద్యం చేసింది. వేపాకు వేసి నీళ్ళు మరగకాచి, నువ్వులనూనె ఒళ్ళంతా పట్టించి, చెంబుతో ధారగా పోసింది. మూడో చెంబుకే బిందు పీట మీంచి పక్కకి ఒరిగిపోయింది. రెండు రోజులు గ్లాసు పట్టుకోలేకపోయింది. కల్యాణి పాపం వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, "నీల్లు సరిగ్గా కాగలేదేమో" అని మూడో రోజు మళ్ళీ పొయ్యి వెలిగించింది.

అక్కడినుంచి బిందుని వెనక్కి తెచ్చింది అచ్చయ్యే.

తెచ్చాక ఇంట్లోనే ఒక పద్ధతి మొదలైంది. హేమంత్ అని ఒక ఫిజియోథెరపిస్టు, భిలాయిలో పెరిగిన తెలుగువాడు, వారానికోసారి ఫోన్లో కనపడి చెప్పేవాడు. కూర్చునే కూరలు తరగాలి. మంచం మీదే కాళ్ళ కసరత్తు చెయ్యాలి. పెద్ద పనులన్నీ తొమ్మిదిలోపు అయిపోవాలి. మెడ మీద తడి తువ్వాలు, పాదాలు చల్లనీళ్ళ టబ్బులో. మోహన్ పాత ఖాకీ చొక్కాకి చేతులు కత్తిరించి, బిందు లోపల ఆరు జేబులు కుట్టుకుంది. పాలప్యాకెట్ కవర్లలో నీళ్ళు గడ్డకట్టించి ఆ జేబుల్లో పెట్టుకుని వేసుకునేది. రోజుకి నాలుగుసార్లు అలసట ఎంతుందో పదికి ఇన్ని అని నోట్‌బుక్కులో రాసేది.

"అలసట వచ్చాక ఆగడం కాదక్కా, రాకముందే ఆగాలి" అనేవాడు హేమంత్.

"వచ్చేముందు ఉత్తరం రాస్తుందా బాబూ, ఎలా తెలుస్తుంది?" అంది బిందు.

ఫోను పక్కన కూర్చుని వింటున్న అచ్చయ్య లేచి, గదిలోకి వెళ్ళి, తన ట్రంకుపెట్టె తెరిచాడు. ఎర్రది, పచ్చది రెండు జెండాలు తీసుకొచ్చాడు. వంటింటి ద్వారబంధం మీద మేకు కొట్టాడు.

"రైలు పట్టాకైనా రోజూ రెండు గంటలు బ్లాకిస్తారు. లైను మూసీసి ఆరాం ఇస్తారు. మడిసికి అక్కర్లేదేటి? ఎర్రది ఏలాడితే బ్లాకు. నువ్వు తొంగోవాల. ఫోను మోగినా లెగకు, నానే సచ్చినా లెగకు."

"అదేంటి మావయ్యా ఆ మాట!"

"మాటకన్నానే. ఇంకోటుంది, ఇను. ఎర్రజెండా ఎవుడు కట్టినాడో ఆడే ఇప్పాల. మరోడు ముట్టుకోకూడదు. మరోడు తీసీసినాడంటే, ఆ కట్టినోడు ఇంకా పట్టాల మీదే ఉంటాడు, రైలేమో వొచ్చీస్తాది."

రోజూ పదకొండు అవుతుండగా అచ్చయ్య వంటింటి పక్కన ఇనుప కుర్చీలో కూర్చునేవాడు. కుడికాలు పక్కకి చాపి, కళ్ళు మూసుకునేవాడు. బిందు ఎత్తు స్టూలు మీద కూర్చుని చాకుతో ఉల్లిపాయలో బెండకాయలో తరుగుతుండేది. ఉన్నట్టుండి ఆయన లేచి ఎర్రజెండా తగిలించేవాడు.

"నాకేం కాలేదు మావయ్యా. ఇంకో నాలుగున్నాయి."

"పట్టాని సుత్తితో కొడితే మోగుడుబట్టి పగులు తెలిసిపోద్ది. నీ సాకు సప్పుడు మారినాది. పో."

ఆమె గొణుక్కుంటూ వెళ్ళి మంచం మీద వాలేది. సరిగ్గా పావుగంటకి ఆ తడి ఇసుక వచ్చి మీద పడేది. ఒక్కరోజు కూడా ఆయన తప్పలేదు. మొదట్లో ఆమెకి ఆశ్చర్యంగా ఉండేది, తర్వాత కాస్త భయంగా ఉండేది. తన ఒంట్లో జరిగేది తనకంటే ముందు ఇంకొకరి చెవికి తెలియడమంటే, మీరే చెప్పండి.

గంట, గంటన్నర అయ్యాక ఆయనే ఎర్రది విప్పి, పచ్చది చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాడు. స్టేషన్లో రైలు పోయేటప్పుడు ఒకరు జెండా చూపిస్తే రెండోవాళ్ళు తిరిగి చూపించాలి. అది రైల్వే వాళ్ళ మర్యాద. బిందు మంచం మీంచి చెయ్యెత్తి "ఆల్‌రైట్" అనాలి. అనకపోతే కదిలేవాడు కాదు.

మామకి కుడికాలు, కోడలికి ఎడమకాలు. ఇద్దరూ కలిసి కూరలకి వెళ్తుంటే ఎదురింటి దులారీబాయి నవ్వేది. "మీ ఇద్దర్నీ కలిపితే ఒక మంచి మనిషి అవుతాడు బహినీ" అనేది, చెల్లీ అన్నట్టు తన ఛత్తీస్‌గఢీలో.

ఇలా ఆరేళ్ళు గడిచాయి.

2022 ఏప్రిల్ ఆఖర్లో ఒకరోజు, పొద్దుటినుంచి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో గడ్డలన్నీ కరిగిపోయాయి. పదకొండుకి అచ్చయ్య ఎర్రజెండా తగిలించి, సంచి తీసుకుని, ఐసు తెస్తానని బయల్దేరాడు. "నానొచ్చీవరకూ తొంగో" అన్నాడు. ఐసు దుకాణం అరుగు మీద కాసేపు నీడకి కూర్చున్నాడట. కూర్చున్నవాడు లేవలేదు. తీసుకొచ్చి పడుకోబెట్టేసరికి ఆయన చేతికి సంచి అలాగే ఉంది. సంచిలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా గడప దగ్గరినుంచి లోపలిదాకా కారాయి.

జనం వచ్చారు. వంటింటి గుమ్మం మీద ఎర్ర గుడ్డ అలాగే వేలాడుతోంది. మోహనకృష్ణ దాన్ని చూసి, తట్టుకోలేక, ఒక్క లాగు లాగి ఉండచుట్టి ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాడు. తాళంచెవి బిందుకిచ్చాడు. ఆమె దాన్ని మెడలో గొలుసుకున్న పిన్నీసుకి తగిలించుకుంది.

పన్నెండు రోజుల కార్యం అయ్యాక కల్యాణి ప్రయాణమవుతూ అంది. "తమ్ముడూ, దీన్ని ఒంటరిగా ఒదిలీసి నువ్వు డ్యూటీకెలగెళ్తావురా? నాతోటి పంపీ. నాను సూసుకుంటాను."

మోహన్ రెండు పక్కలా చూసి, "ఈ నెలాఖరు దాకా సూద్దారక్కా" అన్నాడు. కల్యాణి వెళ్ళాక భార్యతో తేల్చి చెప్పాడు. "ఇదిగో బిందూ, నిన్ను తోలీడం నాకిష్టమేటి? నాన్నుంటే ధైర్యంగుండేది. ఇప్పుడు పొద్దున్న ఎనిమిదికెళ్తే రాత్రేడుకొస్తాను. పొయ్యి దగ్గర ఒక్కసారి పడ్డావంటే ఎవులు సూస్తారు? ఒక్కసారి పడితే సాలు, టికెట్టు తీసీస్తాను. అంతే."

బిందుకి కల్యాణి మీద కోపం లేదు. కానీ అక్కడికి వెళ్తే ఏమవుతుందో ఆమె ఒంటికి తెలుసు. మరిగే నీళ్ళు, మూసిన కిటికీలు, "నువ్వు లేవకమ్మా" అనే చేతులు. కత్తెర పట్టుకోనివ్వరు. ఆర్నెల్లలో ఉన్న కాలు కూడా పోతుంది. ఈ ఇల్లు, ఈ స్టూలు, ఈ టబ్బు, తన సూది తనకి ఉండాలంటే ఒక్కటే దారి. పడకూడదు.

ఒంటరిగా మొదటి రోజు, మే పదో తారీఖు. చీర ఫాల్ సగం కుట్టింది. మంచినీళ్ళకని లేచి వంటింటి వైపు తిరిగింది.

మేకుకి ఎర్రజెండా వేలాడుతోంది.

ఉండచుట్టి పడేసిన ముడతలు ముడతలుగానే ఉంది. కూలరు గాలికి కాస్త ఊగుతోంది. బిందు మెడలో పిన్నీసు తడుముకుంది. తాళంచెవి అక్కడే ఉంది. మోహనే పొద్దున్న పెట్టి ఉంటాడనుకుంది. తాళంచెవి లేకుండా ఎలా పెడతాడన్న ఆలోచన రాగానే దాన్ని పక్కకి నెట్టేసింది. చేత్తో జెండా తీసేసి కుర్చీ మీద పడేసి, మళ్ళీ వచ్చి కుట్టడానికి కూర్చుంది.

ఇరవై నిమిషాలకి మోకాళ్ళు నీరైపోయాయి. కుర్చీలోంచి గోడ వెంట మెల్లిగా జారి, నేల మీద కూర్చుండిపోయింది. దెబ్బ తగల్లేదు. మోహన్ ఫోను మోగుతుంటే పాక్కుంటూ వెళ్ళి ఎత్తింది.

"ఏటి ఇంతసేపు?"

"చీర మీద సూది ఉందండీ. గుచ్చుకుంటుందని తీసి పెట్టి వచ్చాను."

రాత్రి అన్నం వడ్డిస్తూ, మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది. "మావయ్య జెండా మీరేమైనా బయటికి తీశారా?"

మోహన్ ముద్ద ఆపాడు. "నానెందుకు తీస్తాను? దాన్ని సూస్తేనే నాకు..." అని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత, "ఏం, ఎందుకడిగేవు?" అన్నాడు.

"ఊరికే."

ఆయనకి చెప్పకూడదని అప్పుడే అనుకుంది. ఇంట్లో ఏదో తిరుగుతోందంటే పంపేస్తాడు. తనకి మతి తప్పుతోందంటే ఇంకా ముందు పంపేస్తాడు.

రెండో రోజు జెండాని ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం రెండుసార్లు లాగి చూసింది. పదకొండు అవుతుండగా కళ్ళు కాసేపు మూతపడ్డాయి. తెరిచేసరికి మేకుకి ఎర్రజెండా. ఈసారి ఆమె తియ్యలేదు. వెళ్ళి పడుకుంది. పావుగంటకి అలసట వచ్చింది, రైలు టైముకి వచ్చినట్టు. కానీ మంచం మీద ఉన్నదాన్ని అది ఏం చేస్తుంది? మీంచి దాటిపోయింది.

మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. కొన్నాళ్ళు పదింబావుకే లేచేది జెండా, కొన్నాళ్ళు పదకొండున్నరకి. ఎప్పుడు లేస్తే అప్పుడే సరైన టైము. లేచి వెళ్ళి పడుకుంటే ఆ రోజు క్షేమం. ఒంట్లో శక్తి వచ్చాక తనే దాన్ని తీసి మడత పెట్టి, తాళం వేసేది. తీసిన ప్రతిసారీ మామయ్య చెప్పిన మాట చెవిలో పడేది. కట్టినోడే ఇప్పాల. మరి కట్టిందెవరు?

ఒకరోజు దులారీబాయి జాకెట్టు గుడ్డ తీసుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఎర్రజెండా వైపు, ఖాళీ ఇనుపకుర్చీ వైపు చూసింది.

"కా హోగే బహినీ? ఏమైంది? ఇది ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టుకున్నాను" అంది బిందు మంచం మీంచి.

"నువ్వు పెట్టుకుంటే ముడి ఇలా ఎందుకుంటుంది? ఇది డోక్రా వేసే ముడి." డోక్రా అంటే వాళ్ళ భాషలో ముసలాయన. దులారీబాయి గొంతు తగ్గించింది. "మా ఊళ్ళో మంత్రాలు వేసే బైగా ఒకడున్నాడు. నిమ్మకాయ కోసి పంపించేస్తాడు. రమ్మంటావా?"

"ఎక్కడికి పంపిస్తాడు?"

దులారీబాయి జాకెట్టు గుడ్డ స్టూలు మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వెళ్ళిపోయింది.

బిందు అప్పుడు లేచి ఆ ముడి చూసింది. రెండు చుట్లు, మధ్యలోంచి ఒక కొస. ఆమెకి ఆ ముడి వెయ్యడం రాదు.

నౌతపా మొదలైంది. రాయపూర్‌లో మే ఆఖరి వారం నుంచి మండిపడే ఆ తొమ్మిది రోజుల్ని అలాగే అంటారు. రెండో రోజు, బిందు పాదాలు టబ్బులో పెట్టుకుని, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని కుట్టుకుంటోంది. కళ్ళు మూతపడ్డాయి. తెరిచింది. జెండా ఉంది. జెండాతో పాటు ఇంకొకటి కూడా ఉంది. నల్ల కోటారాయి నేల మీద తడి అడుగులు. టబ్బు దగ్గర మొదలై, ట్రంకుపెట్టె దాకా, అక్కడినుంచి వంటింటి ద్వారబంధం దాకా, మళ్ళీ వెనక్కి టబ్బు దాకా.

ఒక పాదం ముద్ర అయిదువేళ్ళతో చక్కగా పడింది. రెండోది చీపురుతో గీసినట్టు పొడుగ్గా సాగిపోయింది.

ఏ కాలు అది? ఎడమదా, కుడిదా? ఆమె వంగి చూసేలోపు నౌతపా గాలి కొట్టింది. వేళ్ళు చెరిగాయి, తర్వాత మడమలు, ఆఖరున ఆ సాగిన గీతలు. నేల పొడిగా, నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

ఆ పూట నోట్‌బుక్కులో అలసట ఎంతుందో రాయలేకపోయింది. తనే నడిచిందా? నడిచి ఉంటే గుర్తులేదేం? నరాల జబ్బు మతిమరుపు కూడా తెస్తుందని హేమంత్ చెప్పాడు. దానికి ఆమె సిద్ధంగానే ఉంది. పేర్లు మర్చిపోతుంది, పొయ్యి మీద పాలు మర్చిపోతుంది. కానీ లేచి, తాళం తీసి, రాని ముడి వేసి, మళ్ళీ వచ్చి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం మర్చిపోతారా ఎవరైనా?

ఎలాగైనా తేల్చుకోవాలనుకుంది. మర్నాడు మోహన్ వెళ్ళగానే టబ్బు నీళ్ళలో నాలుగు చెంచాల పసుపు కలిపింది. పాదాలకి పసుపు రాసుకోవడం కొత్తేమీ కాదు కదా అని తనకి తనే చెప్పుకుంది. అందులో కాళ్ళు పెట్టుకుని, సూది చేత్తో పట్టుకుని, ఈసారి కళ్ళు మూయకూడదని గట్టిగా కూర్చుంది. గోడ గడియారం పదిన్నర చూపించింది. పట్టాల మీద గూడ్సుబండి ఒకటి పోతోంది. డబ్బాలు లెక్కపెట్టింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు.

తర్వాత లెక్క లేదు. బండి ఎప్పుడు వెళ్ళిపోయిందో కూడా తెలియదు. గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ. సూది చేతిలో లేదు, చీరకి గుచ్చి పెట్టి ఉంది. మేకుకి ఎర్రజెండా ఊగుతోంది.

నేల మీద పసుప్పచ్చగా అడుగులు.

పాదం తనదే. చిటికెన వేలు పక్క వేలు మీదకి ఎక్కి ఉండే ఆ పాదం తన తల్లి నుంచి వచ్చింది, ఎక్కడున్నా గుర్తుపడుతుంది. అయితే తనే. గుండె కాస్త కుదుటపడింది. అప్పుడు మళ్ళీ చూసింది.

చక్కగా, అయిదువేళ్ళతో, నిండుగా పడింది ఎడమపాదం. తొమ్మిదేళ్ళుగా నేలకి సరిగ్గా ఆనని తన ఎడమపాదం. ఈడ్చుకుపోయింది కుడిది.

ఎంతసేపు అలా చూస్తూ కూర్చుందో, ఎవరో తలుపు తోసిన చప్పుడు అయ్యింది.

మోహనకృష్ణ. ఉర్లాలో కరెంటు లైను కొట్టేసిందని షెడ్డు మూసేశారు. చేతిలో హెల్మెట్టు, చొక్కా జేబులో మడిచిన కాగితం. ఫోను చేస్తే ఎత్తలేదని కంగారుగా వచ్చాడు. లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

మొదట జెండా చూశాడు. తర్వాత నేల చూశాడు. హెల్మెట్టు నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ సాగిన గీత మీద వేలు పెట్టాడు.

"ఇది..." అన్నాడు.

చిన్నప్పుడు వానాకాలం నాన్న లోపలికి వచ్చేముందు గుమ్మంలో బురద అడుగులు పడేవి. ఒకటి నిండుగా, ఒకటి సాగి. ఆ అడుగులు చూసి పిల్లలు పుస్తకాలు తెరిచి కూర్చునేవారు. మోహన్‌కి అవి ఎవరివో ఎవరూ చెప్పక్కర్లేదు.

"నా కాళ్ళు చూడండి" అంది బిందు. టబ్బులోంచి రెండు పాదాలూ ఎత్తి చూపించింది. పసుప్పచ్చగా ఉన్నాయి. "నేనే నడిచాను. నాకు తెలీదు. రెండు వారాలకి పైగా ఇలాగే. మీకు చెబితే పంపేస్తారని చెప్పలేదు."

ఆమె నోట్‌బుక్కు తీసి ఇచ్చింది. పదో తారీఖు ఒక్కరోజు, జెండా తీసేసిన రోజు, పక్కన చిన్నగా "జారాను" అని ఉంది. మిగతా ఏ రోజూ లేదు. "ఈ జెండా లేచినప్పుడల్లా పడుకున్నాను. పడుకున్న రోజు పడలేదు. అంతే నాకు తెలిసింది."

మోహన్ చాలాసేపు ఆ కాగితాలు తిప్పాడు. తర్వాత మేకు వైపు చూస్తూ, చిన్నపిల్లాడిలా అన్నాడు. "ఆ రోజు నానే ఇప్పీసేను కదే."

"ఏంటి?"

"జెండా. నాన్న కట్టింది నాను తీసీసేను. మరోడు ముట్టుకోకూడదనీవోడు కదా. కట్టినోడు ఇంకా..." నేల మీదే చతికిలబడి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

బిందుకి అప్పటికే కాళ్ళలోకి తడి ఇసుక దిగుతోంది. "నాకు టైమైపోయిందండీ" అంది. మోహన్ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించాడు. ఆ పసుపు అడుగులు తొక్కకుండా పక్కనుంచి నడిచారిద్దరూ.

ఆమె పడుకున్నాక ఆయన జేబులో కాగితం తీశాడు. విజయనగరం టికెట్టు. కల్యాణి పోరు పడలేక పొద్దున్నే తీశాడు. ఫోను తీసి అక్కకి చేశాడు. బిందు కళ్ళు మూసుకునే వింది.

"లేదక్కా, రాదు... పడలేదు, బాగానే ఉంది... ఒంటరిగా ఎక్కడుంది? ఏమో, ఎలగ సెప్పాలో నాకు తెలీదు. నువ్వు నీల్లు కాయకు, అంతే."

ఫోను పెట్టేసి ఇనుపకుర్చీ దాకా వెళ్ళాడు. దాంట్లో కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చున్నాడు. జెండా జోలికి పోలేదు. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఒంటిగంటన్నరకి బిందు కునుకులోంచి లేచేసరికి మేకు ఖాళీగా ఉంది. మోహన్ గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. ట్రంకుపెట్టె తాళం తీసి చూస్తే, ఎర్రజెండా నాలుగు మడతలుగా ఉంది. మంచం పక్కన నేల మీద అడుగులేమైనా కొత్తవి ఉన్నాయేమోనని ఆమె చూడలేదు. చూడదలుచుకోలేదు.

మర్నాటినుంచి జెండా ఎవరు కట్టారని అడగడం మానేశారు. మోహన్ పదకొండుకి ఫోను చేసి "లేచిందా?" అంటాడు. "లేచింది" అంటుంది. "అయితే తొంగో" అని పెట్టేస్తాడు. దులారీబాయికి కూడా అసలు సంగతి చెప్పేశారు. ఆమె ఒకరోజు గిన్నెడు బోరేబాసీ తెచ్చి ఇచ్చింది. మనం చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నట్టే, వాళ్ళు రాత్రి అన్నం నీళ్ళలో నానబెట్టుకు తింటారు, ఒంటికి చలవ అని. ఇంకో చిన్న గిన్నె ఇనుపకుర్చీ ముందు పెట్టి, దణ్ణం పెట్టి, గబగబా వెళ్ళిపోయింది.

జూన్ మూడో వారంలో మొదటి వాన పడింది. తెల్లవారే మొదలై, పది దాకా కురిసింది. మట్టి వాసన, చల్లగాలి. బిందు ఖాకీ చొక్కా వేసుకోలేదు. స్టూలు మీద కూర్చుని బంగాళాదుంపలు తరుగుతోంది. పదకొండు అయింది. మేకు వైపు చూసింది. ఖాళీ. పదకొండున్నర. ఖాళీ. చాకు చప్పుడు తను కూడా విన్నది, ఆయన విన్నట్టుగా. టక్, టక్, టక్. ఎక్కడా తగ్గలేదు.

పన్నెండు కూడా దాటింది. ఆమె లేచి ట్రంకుపెట్టె తెరిచింది. ఎర్రది అలాగే ఉంది. దాన్ని ముట్టుకోకుండా కిందనుంచి పచ్చది తీసింది. వంటింటి తలుపు దగ్గర నిలబడి, ఇనుపకుర్చీ వైపు తిరిగి, జెండా ఎత్తి పట్టుకుంది.

"ఆల్‌రైట్ మావయ్యా" అంది.

ఒకరు చూపిస్తే రెండోవాళ్ళు తిరిగి చూపించాలి కదా. ఆమె ఆగింది. వాన నీళ్ళు చూరు మీంచి రేకు మీద పడుతున్నాయి. కుర్చీ కదల్లేదు. గాలి కూడా లేదు.

ఆమె కుడికాలు మాత్రం, ఏ జబ్బూ లేని ఆ మంచి కాలు, దానంతట అదే మెల్లిగా పక్కకి జరిగి, నేల మీద చాచుకుంది. ముసలాయన కుర్చీలో కూర్చున్నప్పుడు చాపుకున్నట్టుగా.

బిందు దాన్ని వెనక్కి లాక్కోలేదు. అలాగే కాసేపు నిలబడి, పచ్చజెండా మేకుకి తగిలించి, మిగిలిన దుంపలు తరగడానికి వెళ్ళింది.